బొగ్గుపులుసు గాలి, నారింజ చేదు

కార్బన్ డయాక్సైడ్‌కు మన పాత పాఠ్యపుస్తకాల్లో బొగ్గుపులుసు వాయువు అని పేరు. బొగ్గు గనుల ఊరు గోదావరిఖనిలో ఆ మాటలోని మొదటి సగాన్ని ఎవరికీ వివరించనక్కర్లేదు. గాలి ఆడని పాత పని స్థలాల్లో ఈ వాయువు పేరుకుంటుందనీ, గాలికన్నా బరువు కాబట్టి నేలబారుగా నిలుస్తుందనీ, సేఫ్టీ ల్యాంపు మంట సన్నగిల్లితే వెనక్కి రావాలనీ బాయిలో, అంటే గనిలో, పని చేసినవాళ్లకు తెలుసు. రెండో సగమైన పులుసును మాత్రం నాలుకతోనే తెలుసుకోవాలి. గోలీ సోడా తాగినప్పుడు చురుక్కుమనే ఆ పులుపు ఈ వాయువుదే. నీళ్లలో కరిగిన వాయువులో కొంత కార్బానిక్ ఆమ్లంగా మారుతుంది. నాలుక మీది పులుపు కణాలు దాన్ని పసిగడతాయి.

ఆ చురుకుకు చేదునూ తీపినీ జోడించి ఇటలీవాళ్లు తయారుచేసుకున్న పానీయం స్ప్రిట్జ్. వెనిస్, పాదువా నగరాలున్న వెనెటో ప్రాంతం 19వ శతాబ్దంలో ఆస్ట్రియా ఏలుబడిలో ఉండేది. అక్కడి వైన్ ఘాటుగా అనిపించిన ఆస్ట్రియా సైనికులు అందులో నీళ్లు చిలకరించుకునేవారని చెబుతారు. జర్మన్ భాషలో చిలకరించడమంటే స్ప్రిట్జెన్, పానీయానికి పేరు అలా వచ్చింది. తర్వాత నీళ్ల చోట సోడా చేరింది. చేదు మద్యాలు కూడా వచ్చి కలిశాయి. 1860లో గాస్పరె కంపారి ఎర్రటి కంపారిని, 1919లో పాదువాలో బార్బియెరి సోదరులు నారింజరంగు అపెరోల్‌ను తయారుచేశారు.

స్ప్రిట్జ్ కొలత సులువు. ప్రొసెక్కో అనే బుడగల వైన్ మూడు పాళ్లు, అపెరోల్ రెండు పాళ్లు, సోడా ఒక పాలు, ఐసు, ఒక నారింజ చక్రం. 90 మిల్లీలీటర్ల ప్రొసెక్కోలో, 60 మిల్లీలీటర్ల అపెరోల్‌లో ఉండే ఆల్కహాలు సుమారు 11 శాతం చొప్పున. రెండూ కలిస్తే 5 శాతం బీరు చిన్న సీసా, అంటే 330 మిల్లీలీటర్లు, తాగినంత. తియ్యగా చల్లగా ఉండి తేలిగ్గా దిగుతుంది కాబట్టి ఈ లెక్క గుర్తుపెట్టుకోవడం అవసరం.

అయితే ఈ పానీయానికి ప్రాణం మద్యంలో లేదని నా నమ్మకం. చేదు, తీపి, బుడగ మూడూ ఒకదాన్నొకటి అదుపులో పెట్టుకోవడంలోనే దాని రుచి ఉంది. ఇటలీలోనే క్రొదీనో వంటి మద్యం లేని చేదు సోడాలను అదే సాయంత్రం వేళ, అదే ఇష్టంతో తాగుతారు. తాగుడు ఎన్ని జీతాలను, ఎన్ని కాపురాలను మింగిందో చూసిన బొగ్గు ప్రాంతంలో, ఆ రుచిని మద్యం లేకుండా ఇంట్లో చేసుకునే దారి చెప్పడమే నాకు ముఖ్యం.

ముందు చేదు సంగతి. అపెరోల్‌లో నారింజ తొక్క, జెన్షియన్ అనే కొండ మొక్క వేరు, సింకోనా బెరడు ఉంటాయి. సింకోనా మనకు దూరపు చుట్టమేమీ కాదు. మలేరియా మందు క్వినైన్ దాని బెరడు నుంచే వచ్చింది. ఆ మలేరియా క్రిమి దోమలో ఉంటుందని రోనాల్డ్ రాస్ కనిపెట్టింది 1897లో మన సికింద్రాబాద్‌లోనే. ఇక నారింజ అనే మాట మన వైపు నుంచే బయల్దేరింది. సంస్కృతంలో నారంగ, పారశీకంలో నారంగ్, అరబ్బీలో నారంజ్ అయి, ఇటలీ చేరేసరికి మొదటి అక్షరం రాలిపోయి అరాంచా అయింది.

భోజనానికి ముందే చేదు ఎందుకంటే, చేదు తగలగానే నోట్లో నీరు ఊరుతుంది. ఇటలీవాళ్లు ఇలాంటి పానీయాన్ని అపెరిటీవో అంటారు. తెరిచేది అని ఆ మాటకు మూలార్థం, తెరిచేది ఆకలిని. ఆయుర్వేదం దీన్నే దీపనం అంది. చేదును ఒంటరిగా వదలకూడదని మనకు ఉగాది పచ్చడి ఏటా చెబుతూనే ఉంది. వేపపువ్వు చేదును బెల్లం ఒకవైపు నుంచి, ఉప్పు మరోవైపు నుంచి తగ్గిస్తాయి. చేదు మీద ఉప్పు పనితనం చక్కెరకేమీ తీసిపోదు. చిటికెడు ఉప్పు వేసి చూస్తే మీకే తెలుస్తుంది.

మన ఇంటి పద్ధతి ఇది. మన రామగుండం కాజీపేట–బల్లార్షా రైలు మార్గం మీద ఉంది, అదే దారిలో పైకి వెళితే నాగపూర్. అక్కడి నారింజలు, అంటే సంత్రాలు, రెండు తీసుకుని బాగా కడిగి తొక్క ఒలవండి. చేదు కోసం రెండు నిమ్మకాయల తొక్క, దొరికితే సగం దబ్బకాయ తొక్క కలపండి. లోపలి తెల్లపొర తీయొద్దు, చేదు అందులోనే ఉంది. 200 మిల్లీలీటర్ల నీళ్లలో ఈ తొక్కలు, రెండు లవంగాలు, చిన్న దాల్చినచెక్క, రంగుకు ఒక బీట్‌రూట్ ముక్క వేసి సన్నని మంట మీద పది నిమిషాలు మరిగించండి. పొయ్యి కట్టేశాక ఒక చిన్న చెంచా ఎండు వేపపువ్వు వేసి మూత పెట్టండి. ఐదు నిమిషాలకోసారి రుచి చూడండి, ఎందుకంటే దిగిన చేదును వెనక్కి తీయలేం. చాలనుకోగానే వడకట్టి, వేడి మీదే 200 గ్రాముల చక్కెర, చిటికెడు ఉప్పు కరిగించి, ఒక నిమ్మకాయ పిండండి. చల్లారాక సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే వారం రోజులు వాడుకోవచ్చు.

ఇక సోడా. బుడగ నిలవాలంటే చలి కావాలి. మామూలు గాలి పీడనం దగ్గర సున్నా డిగ్రీల లీటరు నీటిలో సుమారు 1.7 లీటర్ల బొగ్గుపులుసు వాయువు కరుగుతుంది. 20 డిగ్రీలకు అది 0.9 లీటరుకు, 40 డిగ్రీలకు సగం లీటరుకు పడిపోతుంది. మన మే నెల ఎండలో బయట ఉంచిన సోడా మూత తీయగానే పొంగి, గ్లాసులో చప్పబడటానికి కారణం ఇదే. గోలీ సోడా సీసా ఆ వాయువును దాని బలంతోనే బంధిస్తుంది. తలకిందులుగా నింపుతారు. లోపలి ఒత్తిడి గోలీని మెడలోని రబ్బరు వలయానికి అదిమి పట్టేస్తుంది. 1872లో హైరమ్ కాడ్ అనే ఆంగ్లేయుడు పేటెంట్ తీసుకున్న ఈ ఉపాయం మన వీధుల్లో నిన్నమొన్నటిదాకా టప్పుమని మోగింది.

చలిలోనే వాయువు నిలుస్తుంది కాబట్టి సోడాను కూడా గంటలకొద్దీ చల్లబరచండి. పెద్ద ఐసు ముక్కలు వేసిన గ్లాసులో ముందు 30 మిల్లీలీటర్ల పాకం, తర్వాత గ్లాసు వంచి 150 మిల్లీలీటర్ల సోడా గోడ వెంట పోయండి. ఒక్కసారి మాత్రమే, మెల్లగా కలపండి. గిలకొడితే వాయువు పోతుంది. పైన సంత్రా చక్రం పెట్టండి. ఒక గ్లాసులో సుమారు 20 గ్రాముల చక్కెర ఉంటుంది కాబట్టి షుగర్ ఉన్నవాళ్లు దీన్ని దూరం పెట్టాలి. ఎండలో పనిచేసి షిఫ్టు దిగినవాళ్లు ముందు కడుపునిండా మంచినీళ్లు తాగాలి. ఇది దాహానికి మందు కాదు, అన్నం ముందు ఆకలికి పిలుపు.

గ్లాసు పిల్లల చేతికిచ్చేటప్పుడు ఒకసారి చెవి దగ్గర పెట్టుకోమనండి, చిటపటలు వినిపిస్తాయి. ఆ చప్పుడు చేసేదాని పేరు బొగ్గుపులుసు వాయువు అని చెప్పండి. తాత బాయిలో దీపం పట్టుకుని జాగ్రత్తపడింది ఈ గాలికేనని కూడా చెప్పండి.