సెల్ఫ్ తిరగట్లేదని కొత్త బ్యాటరీలు కొంటున్నారా? పాత లారీల్లో ముందు చూడాల్సింది ఇదీ!

విజయనగరం: రాత్రి బాగానే నిలబెట్టిన లారీ. తెల్లారి తాళం తిప్పితే సెల్ఫ్ ‘టక్’మని ఊరుకుంటుంది. ఎలాగోలా స్టార్ట్ చేసి నేరుగా బ్యాటరీ షాపుకి పరుగు. వేలకు వేలు పోసి రెండు కొత్త బ్యాటరీలు వేయిస్తే, నెల తిరక్కుండానే మళ్లీ అదే ‘టక్’. పాత బండ్లు తిప్పేవాళ్లలో చాలామందికి ఇది తెలిసిన బాధే. అసలు రోగం చాలాసార్లు బ్యాటరీలో ఉండదు. దాన్ని చార్జ్ చేయాల్సిన ఆల్టర్నేటర్‌లోనో, మధ్యలో ఉన్న వైర్లలోనో, బెల్టులోనో ఉంటుంది. మనవాళ్లు ఇప్పటికీ డైనమో అని పిలిచేది ఈ ఆల్టర్నేటర్‌నే.

ఘాట్‌లో లైట్లు పోతే?

విజయనగరం నుంచి సాలూరు మీదుగా కొరాపుట్ వెళ్లే 26వ నంబరు జాతీయ రహదారి తెలిసిందే కదా. ఒకప్పటి 43వ నంబరు రోడ్డు. సాలూరు అంటేనే లారీల ఊరు. 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లినా ఆ పేరు అలాగే ఉంది. ఊరు దాటి కొంచెం ముందుకెళ్తే ఒడిశా ఘాట్ రోడ్డు.

పాత డీజిల్ లారీల్లో ఓ చిక్కు ఉంది. మెకానికల్ పంపు కాబట్టి ఇంజిన్ ఒకసారి స్టార్ట్ అయితే కరెంటు లేకపోయినా నడుస్తూనే ఉంటుంది. చాలా బండ్లలో కేబుల్ లాగితే తప్ప ఆగదు. అందుకే చార్జింగ్ ఆగిపోయిన సంగతి డ్రైవర్‌కి తెలీదు. 24 వోల్టుల బండిలో రెండు హెడ్‌లైట్లకే దాదాపు 6 ఆంపియర్లు కావాలి. వెనక లైట్లు, వైపర్, ఫ్యాన్ కలిస్తే ఇంకా పెరుగుతుంది. ఇదంతా బ్యాటరీయే మోస్తుంది. విశాఖలో లోడు ఎత్తుకుని సాయంత్రం బయల్దేరినప్పుడు వెలుతురు బాగానే ఉంటుంది. అర్ధరాత్రి ఘాట్ మలుపుల్లో, అందునా వానలో, హెడ్‌లైట్లు మసకబారడం మొదలవుతుంది. సెల్ఫ్ తిరక్కపోతే ఓ పూట కిరాయి పోతుంది. ఇక్కడ పోయేది ప్రాణం.

తాళం తిప్పగానే ఎర్ర లైటు వెలిగిందా?

డ్యాష్‌బోర్డు మీద బ్యాటరీ బొమ్మతో ఉండే ఎర్ర లైటును చాలామంది పట్టించుకోరు. తాళం తిప్పగానే అది వెలగాలి, ఇంజిన్ స్టార్ట్ కాగానే ఆరిపోవాలి. ఆరకపోతే చార్జింగ్ లేదని అర్థం. అసలు వెలగకపోతే? ‘బల్బు పోయింది, దాంతో పనేముంది’ అనుకుంటారు. పొరపాటు ఇక్కడే. చాలా ఆల్టర్నేటర్లకు మొదట కొంచెం కరెంటు అందేది ఆ బల్బు గుండానే. అది కాలిపోతే ఆల్టర్నేటర్ బాగానే ఉన్నా పని మొదలుపెట్టకపోవచ్చు. చిన్న బల్బు మార్చితే పోయేదానికి ఆల్టర్నేటర్ మొత్తం విప్పించుకున్నవాళ్లు ఉంటారు.

తర్వాత బెల్టు. ఇంజిన్ ఆపి చూడండి. లోపలి అంచులు నున్నగా మెరుస్తున్నా, పగుళ్లు కనిపించినా, స్టార్ట్ చేయగానే ‘కీచు’మన్నా బెల్టు జారుతోందని అర్థం. మధ్యలో బొటనవేలితో గట్టిగా నొక్కితే సుమారు ఒక సెంటీమీటరు దిగాలి. అంతకన్నా బాగా వదులైతే జారిపోతుంది. మరీ బిగిస్తే ఆల్టర్నేటర్ బేరింగులు దెబ్బతింటాయి.

మీటరు పెట్టి చూడండి

కొన్ని వందల రూపాయలకు దొరికే డిజిటల్ మల్టీమీటర్ ఒకటి బండిలో ఉంటే సగం అనుమానాలు తీరిపోతాయి. టాటా 1613 లాంటి పాత లారీల్లో రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరసగా కలిపి 24 వోల్టులు ఉంటుంది. 407 తరహా చిన్న బండ్లలో 12 వోల్టులే. కింద చెప్పేవి 24 లెక్కలు, చిన్న బండికి సగం చేసుకోండి.

రాత్రంతా ఆగిన బండిలో, స్టార్ట్ చేయకముందు రెండు బ్యాటరీలూ కలిపి 25.2 వోల్టుల దగ్గర చూపిస్తే ఫుల్ చార్జ్. 24.4 అంటే దాదాపు సగం ఖాళీ. ఇప్పుడు స్టార్ట్ చేసి కాస్త రేజ్ ఇచ్చి చూడండి. 27.5 నుంచి 28.5 దాకా రావాలి. స్టార్ట్ చేయకముందు ఎంత ఉందో అంతే ఉంటే చార్జింగ్ లేనట్టే. 29 దాటి 30 వైపు పోతుంటే కటౌట్, అంటే రెగ్యులేటర్ పోయినట్టు. బ్యాటరీల్లో నీళ్లు త్వరగా అయిపోతుండటం, బల్బులు తరచూ కాలిపోవడం కూడా దీని గుర్తులే. చివరగా హెడ్‌లైట్లు, వైపర్ అన్నీ వేసి అదే రేజ్ మీద చూడండి. 27 కంటే బాగా దిగిపోతే ఆల్టర్నేటర్ లోడు మోయలేకపోతోంది. కార్బన్ బ్రష్షులు అరిగి ఉండొచ్చు, డయోడ్ పోయి ఉండొచ్చు.

ఆగండి, విప్పేయకండి. అంతకుముందు వైర్లు చూడాలి. లైట్లు వేసి, ఇంజిన్ నడుస్తుండగా, మీటరు ఒక కొన ఆల్టర్నేటర్ పెద్ద బోల్టుకి, రెండోది బ్యాటరీ ప్లస్‌కి పెట్టండి. అర వోల్టు దాటి చూపిస్తే కరెంటు దారిలోనే పోతోంది. అలాగే ఆల్టర్నేటర్ బాడీకి, బ్యాటరీ మైనస్‌కి మధ్య 0.2 వోల్టు దాటితే ఎర్త్ సరిగా లేదు. భోగాపురం, పూసపాటిరేగ లాంటి సముద్రం పక్క ఊళ్లలో తిరిగే బండ్లకు ఈ బెడద ఎక్కువ. ఉప్పు గాలికి టెర్మినళ్లు, ఎర్త్ పట్టీలు తుప్పు పట్టేస్తాయి. విప్పి, గీకి, బిగించి, పైన పెట్రోలియం జెల్లీ రాస్తే సరిపోతుంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు ఫ్యాను, బెల్టు పక్కన చేతులు, తువ్వాలు జాగ్రత్త. బ్యాటరీ దగ్గర బీడీ అసలే వద్దు, దాన్నుంచి వచ్చే హైడ్రోజన్ భగ్గుమంటుంది.

రాత్రికి రాత్రి దిగిపోతుంటే

పగలు రీడింగులన్నీ బాగుండి, తెల్లారేసరికి బ్యాటరీ డౌన్ అవుతోందా? అన్నీ ఆపేసి మైనస్ కేబుల్ తీసి, ఆ కేబుల్‌కీ బ్యాటరీకీ మధ్య టెస్ట్ ల్యాంప్ పెట్టండి. బాగా వెలిగితే ఎక్కడో కరెంటు కారుతోంది. అప్పుడు ఆల్టర్నేటర్ పెద్ద వైరు తీసి చూస్తే, ల్యాంప్ ఆరిపోయిందంటే డయోడే దొంగ. ఇంజిన్ పూర్తిగా చల్లారాక కూడా ఆల్టర్నేటర్ ఒక్కటే గోరువెచ్చగా తగులుతున్నా అదే అనుమానం.

ఒక బ్యాటరీ నుంచే పాటల సెట్‌కి వైరు లాగారా?

మన లారీల్లో ఇది మామూలే. పాటల సెట్‌కి, మొబైల్ చార్జింగ్‌కి 12 వోల్టులు కావాలని రెండు బ్యాటరీల్లో ఒకదాని నుంచి వైరు లాగేస్తారు. ఆ బ్యాటరీ రోజూ కొంచెం కొంచెం దిగిపోతుంది. కటౌట్ మాత్రం రెండింటి మొత్తాన్నే చూస్తుంది. మొత్తం 28 ఉంటే చాలు, దానికి ఏ లోటూ కనపడదు. ఫలితంగా ఒకటి ఎప్పుడూ ఆకలితో ఉంటుంది, రెండోది మోతాదు మించి చార్జ్ అయి నీళ్లు మరిగిపోతాయి. ఇంజిన్ నడుస్తుండగా రెండు బ్యాటరీలనూ విడివిడిగా కొలవండి. ఒకటి 13.2, ఇంకొకటి 14.8 అని వస్తే కారణం ఇదే అయి ఉండొచ్చు. 24 నుంచి 12 చేసే కన్వర్టర్ పెట్టించుకోవాలి. పాతదాని పక్కన ఒక్క కొత్త బ్యాటరీ వేసినా ఇలాంటి గొడవే. మార్చితే జతగా మార్చాలి.

ఈ పని మాత్రం చేయొద్దు

ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి, ‘ఆగలేదు కాబట్టి డైనమో బాగుంది’ అని తేల్చేసే మెకానిక్‌లు ఇంకా ఉన్నారు. పాత డీజిల్ ఇంజిన్ ఎలాగూ ఆగదు కాబట్టి, ఆ పరీక్షతో తెలిసేదేమీ లేదు. పైగా బ్యాటరీ తీసేసిన క్షణంలో వోల్టేజ్ ఒక్కసారిగా ఎగిరి బాగున్న డయోడ్లు, కటౌట్ కూడా కాలిపోతాయి. బాడీకి వెల్డింగ్ చేయించేటప్పుడూ అంతే. ఇంజిన్ ఆపి, ముందు బ్యాటరీ మైనస్ కేబుల్, ఆ తర్వాత ఆల్టర్నేటర్ వైర్లు తీయించాకే రాడ్ పెట్టనివ్వండి.