అడ్వాన్సుకు ముందే అడగండి

రిజిస్ట్రేషన్ అయిందంటే ఇల్లు మనదే అనుకుంటాం. ఆ ధీమానే చాలా కుటుంబాలను ముంచుతోంది.

2024లో హైదరాబాద్ చెరువుల దగ్గర, ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా కూల్చివేతలు జరిగినప్పుడు కొందరు బాధితులు కాగితాలు పట్టుకుని రోడ్డెక్కారు. రిజిస్ట్రేషన్ ఉంది, ఇంటిపన్ను రసీదుంది, బ్యాంకు రుణం కూడా వచ్చింది, ఇంకేం కావాలని అడిగారు. ఆ ప్రశ్నలో ఎంతో బాధ ఉంది. కానీ ఆ మూడూ కలిసినా యాజమాన్యానికి హామీ కావు. సబ్‌రిజిస్ట్రార్ దస్తావేజును నమోదు చేస్తారే తప్ప, అమ్మేవారికి ఆ స్థలంపై హక్కుందో లేదో తేల్చరు. ఆ పని కొనేవాళ్లదే.

కాగితాల వెనక కాగితాలు

కనీసం ముప్పై ఏళ్ల ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీయించండి. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి. అన్నదమ్ముల పంపకం గొడవ, రిజిస్టరు కాని వీలునామా కనిపించవు. అందుకే పాత దస్తావేజులు, అంటే లింకు డాక్యుమెంట్లన్నీ వరుసగా చూడాలి, వారసులెవరో విచారించాలి. నిషేధిత ఆస్తుల 22-ఏ జాబితాలో సర్వే నంబరు ఉందేమో చూసుకోవాలి. ఒట్టి జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ)తో యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది.

చెరువు దగ్గరుంటే ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి హద్దు), దాని చుట్టూ ఉండే బఫర్ జోన్ మ్యాపులు తప్పనిసరి. ఎండాకాలంలో ఎండిపోయి కనిపించే నేల కూడా చెరువు గర్భమే కావచ్చు.

ప్రీలాంచ్ వల

‘ఇప్పుడు మొత్తం కడితే సగం ధరకే ఫ్లాటు’ అంటారు. అనుమతులు రాకముందే యూడీఎస్ (అవిభక్త వాటా) పేరిట స్థలంలో వాటా రాసిస్తారు. కట్టడం మొదలుకాకపోతే చేతిలో మిగిలేది విడదీయని ఆ వాటానే. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిది దాటినా రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నంబరు లేకుండా ప్రకటించడం, అమ్మడం చట్టవిరుద్ధం. అమ్మకం ఒప్పందం రిజిస్టరు కాకుండా పది శాతానికి మించి తీసుకోకూడదు. కొన్నవాళ్లు కట్టిన సొమ్ములో 70 శాతం ఆ ప్రాజెక్టు కోసం ప్రత్యేక ఖాతాలో ఉండాలి. ధర చెప్పినప్పుడు సూపర్ బిల్టప్ కాదు, ఇంటి లోపల వాడుకునే కార్పెట్ ఏరియా ఎంతో రాయించుకోండి.

తాళాలు తీసుకునే ముందు

ఓసీ (నివాసయోగ్యతా పత్రం) వచ్చిందా అని అడగండి. అపార్ట్‌మెంట్‌కు అనుమతిచ్చేటప్పుడు నిర్మాణంలో పది శాతాన్ని మున్సిపాలిటీ తనఖాగా ఉంచుకుంటుంది. మీ ఫ్లాటు అందులో ఉందేమో ముందే తెలుసుకోండి. గృహప్రవేశం అయ్యాక గోడలు, శ్లాబు వంటి నిర్మాణ లోపాలు బయటపడితే, అప్పగించిన అయిదేళ్లలోపు ఉచితంగా సరిచేయాల్సింది బిల్డరే.

ఈ ప్రశ్నలు అడిగితే ‘ఇంకో పార్టీ రెడీగా ఉంది, సాయంత్రంలోగా తేల్చండి’ అని తొందరపెడతారు. తేల్చకండి. లక్షల్లో అడ్వాన్సు ఇచ్చే ముందు బిల్డరు చూపిన లాయరుకు కాదు, మీకు మీరు పెట్టుకున్న లాయరుకు కాగితాలు చూపించండి. వారం ఆగితే చేజారిపోయే ఇల్లు పోతే పోనివ్వండి. మరో ఇల్లు దొరుకుతుంది; ఇరవై ఏళ్ల ఈఎంఐ మాత్రం వెనక్కి రాదు.