పాత డాబాకు కొత్త గచ్చు

పెళ్లి కుదిరిందనో, పిల్లలు పెద్దవాళ్లయ్యారనో పాత ఇంటికి ఒక గది కలుపుకుంటాం. గోడ కొట్టించి హాలు పెద్దది చేస్తాం. అంతా బాగానే ఉంటుంది గాని, పడుకుని పైకి చూస్తేనే ప్రాణం ఉసూరుమంటుంది. పాత కప్పు ఒక తీరు, కొత్త అతుకు ఇంకో తీరు!

మా అత్తగారి ఊరు చిలకలూరిపేట దగ్గర. టేకు దూలాల మీద సన్న ఇటుకలు పేర్చి సున్నంతో వేసిన డాబా. మద్రాసు టెర్రస్ అంటారే, అదే. ఆడపడుచు పెళ్లికి ముందు, కప్పు అడుగున గచ్చు రాలిన చోటల్లా సిమెంటు పూయించాం. పెళ్లినాటికి అద్దంలా ఉంది. రెండు వానాకాలాలు గడిచాక ఓ మధ్యాహ్నం చేటంత పెచ్చు ఊడి ఉయ్యాల్లో పడింది. పాపాయి అప్పుడు నా ఒళ్లో ఉంది కాబట్టి సరిపోయింది.

సున్నపు గచ్చు మెత్తన. ఇటుకలోకి దిగిన చెమ్మను బయటికి వదిలేస్తుంది. సిమెంటు గట్టిది, అంత తేలిగ్గా వదలదు. వెనకాల చిక్కిన చెమ్మ పాత గచ్చును గుల్ల చేస్తుంది. అందుకని సున్నానికి సున్నమే అతకాలి. పిడుగురాళ్ల బట్టీల సున్నం మనకు దగ్గరే కదా! తడిపి, జల్లించి, రెండు మూడు వారాలైనా నీళ్లలో నాననివ్వాలి. తడిపేటప్పుడు కుతకుత ఉడుకుతుంది, పిల్లల్ని ఆ దరిదాపులకు రానివ్వకండి. ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు ఇసుక. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు కలపడం మన పెద్దల పద్ధతి.

ముందు పైన డాబా కారకుండా చూసుకోండి. తర్వాత కప్పంతా కర్రతో మెల్లగా తట్టించండి. డొల్లగా మోగినదల్లా తీసేయాల్సిందే, మొహమాటం వద్దు. అంచులు ఏటవాలుగా చెక్కి, బాగా తడిపి, పలుచగా రెండు మూడు పూతలు వేయించాలి. మన రోహిణీ ఎండల్లో ఈ పని పెట్టుకుంటే తడి ఆరిపోయి బీటలిస్తుంది. కార్తీకం వెళ్లాక మేలు. కాకపోతే అప్పటికి హాలు నిండా పత్తి పోసి ఉంటుంది, అదొక చిక్కు!

అతుకు బాగా ఆరాక, దాని వరకే కాకుండా కప్పు మొత్తానికి సున్నం కొట్టించండి. నీలిమందు కూడా ఒకే బానలో కలపాలి. చీకటి పడ్డాక టార్చిలైటు కప్పు వెంబడి ఏటవాలుగా వేస్తే ఎత్తుపల్లాలు ఇట్టే తెలిసిపోతాయి. మేస్త్రికి డబ్బు లెక్క తేల్చకముందే ఆ పని చేయండి.

కొత్త గది శ్లాబు పాత డాబాను కలిసే చోటు మాత్రం వేరే సంగతి. మనది నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. కొత్త పునాది, పాత పునాది ఒకేలా కదలవు. అక్కడ ఎంత నున్నగా పూసినా ఏడాది తిరక్కుండా గీత పడుతుంది. దాన్ని కప్పిపెట్టాలని చూడకుండా, తిన్నగా ఒక గాడి వదిలించడమే నయం. మేం దాని మీద సన్నటి టేకు పట్టీ వేయించి, రెండూ విడివిడిగా కదిలేలా ఒక పక్కకే మేకులు కొట్టించాం. చూసినవాళ్లు అలంకారమనుకుంటారు. అడిగితే మా అత్తయ్యగారు కూడా అవుననే చెబుతారు.