స్టేట్ అసెంబ్లీకి మనవాళ్ళు నిలబడితే...

"తమ్ముడూ, శనివారం ఖాళీయేనా?" అని మా కాలనీలో ఉండే ఒక అన్నయ్యగారు ఫోన్ చేశారు. 2025 మే నెల సంగతి. న్యూజెర్సీ స్టేట్ అసెంబ్లీకి మన తెలుగాయన ఒకరు ప్రైమరీలో పోటీ చేస్తున్నారనీ, వాళ్ళింట్లో పరిచయ కార్యక్రమం పెట్టారనీ చెప్పారు. వెళ్ళాను. నలభై మంది దాకా వచ్చారు. అభ్యర్థి ఐదు నిమిషాలు మాట్లాడి ప్రశ్నలుంటే అడగమన్నారు. మొదటి ప్రశ్న, "గ్రీన్ కార్డు క్యూ తగ్గించటానికి మీరేం చేస్తారు?" ఆయన నిజాయితీగా, "అది వాషింగ్టన్ పని, స్టేట్ అసెంబ్లీ చేతిలో లేదు" అన్నారు. అంతే, సగం మంది లేచి బిర్యానీ వైపు నడిచారు!

వాళ్ళని అని ఏం లాభం? ఈ దేశం వచ్చి పన్నెండేళ్ళయినా నాకూ అప్పటిదాకా తెలిసింది తక్కువే. మన ఊళ్ళో ఎమ్మెల్యే అంటే ఎవరో, ఏం చేయించగలడో చిన్నప్పటినుంచీ చూశాం. ఇక్కడ మన స్టేట్ సెనేటర్ పేరు అడిగితే గూగుల్ చేసుకోవలసిందే. ఆ రాత్రి ఇంటికొచ్చి చదవటం మొదలుపెట్టాను. తెలుసుకున్నవి మీతో పంచుకుంటున్నాను.

ముందు లెక్క. న్యూజెర్సీలో 40 జిల్లాలు. ఒక్కో జిల్లాకి ఒక సెనేటరు, ఇద్దరు అసెంబ్లీ సభ్యులు, అంటే మొత్తం 120 మంది. జిల్లాకి సుమారు 2 లక్షల 30 వేల జనాభా. మన శాసన మండలిలా కాకుండా ఇక్కడ పై సభకి కూడా ప్రజలే నేరుగా ఓటేస్తారు. స్టేటు మారితే లెక్కా మారుతుంది. నెబ్రాస్కాలో ఉన్నది ఒకటే సభ. న్యూ హాంప్‌షైర్ దిగువ సభలో ఏకంగా 400 మంది, జీతం ఏడాదికి 100 డాలర్లు (తప్పు చదవలేదు, వంద డాలర్లే).

మరి వీళ్ళ చేతిలో ఏముంది? మన దైనందిన జీవితంలో చాలా భాగం! స్కూళ్ళకి స్టేటు ఇచ్చే నిధులు, స్టేట్ యూనివర్సిటీలకి సాయం, కారు ఇన్సూరెన్సు నిబంధనలు, డాక్టర్లకీ ఫార్మసిస్టులకీ లైసెన్సులు, అద్దె ఇళ్ళ చట్టాలు ఇక్కడివే. మన ఐ.టి. వాళ్ళకి బాగా తగిలే ఉదాహరణ ఒకటి చెప్తాను. ఉద్యోగం మానేస్తే పోటీ కంపెనీలో చేరకూడదనే నాన్-కంపీట్ ఒప్పందం కాలిఫోర్నియాలో చెల్లదు. మిన్నెసోటాలో 2023 జూలై 1 తర్వాత రాసినవి చెల్లవు. అది స్టేట్ చట్టం, వాషింగ్టన్‌ది కాదు. కాలిఫోర్నియా 2025లో దీపావళిని స్టేట్ సెలవుల జాబితాలో చేర్చినప్పుడు మన వాట్సాప్ గ్రూపులన్నీ మోగిపోయాయి. నాన్-కంపీట్ గురించి ఒక్కరు ఫార్వర్డ్ చేసిన గుర్తు లేదు.

ఈ దారిలో మనకంటే ముందు నడిచినవాళ్ళున్నారు. నెల్లూరులో పుట్టిన ఉపేంద్ర చివుకుల గారు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చదివి, న్యూయార్క్ సిటీ కాలేజీలో ఎలక్ట్రికల్‌లో మాస్టర్స్ చేశారు. 1997లో ఫ్రాంక్లిన్ టౌన్‌షిప్ కౌన్సిల్‌కి ఎన్నికై, తర్వాత ఆ ఊరి మేయరు కూడా అయ్యారు. 2001 నవంబర్‌లో 17వ జిల్లా నుంచి న్యూజెర్సీ అసెంబ్లీకి గెలిచిన తొలి భారతీయ అమెరికన్ ఆయన. అప్పటికి వయసు 51. టెలికమ్యూనికేషన్స్, యుటిలిటీస్ కమిటీకి అధ్యక్షత వహించారు. న్యూజెర్సీలో ఇళ్ళ కప్పుల మీద ఇన్ని సోలార్ పలకలు కనిపించటం వెనక ఉన్న చట్టాల్లో ఆయన చెయ్యి ఉంది. 2012లో అమెరికా కాంగ్రెస్‌కి నిలబడి ఓడిపోయారు, 2014 ప్రైమరీలో మళ్ళీ ఓడిపోయారు. ఆ ఏడాదే అసెంబ్లీ వదిలి, కరెంటు, గ్యాసు కంపెనీలని నియంత్రించే స్టేట్ బోర్డులో కమిషనర్‌గా చేరారు.

హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ గారు సివిల్ ఇంజనీరు. మేరీలాండ్‌లో మాంట్‌గొమరీ కౌంటీ రవాణా శాఖలో దాదాపు పాతికేళ్ళు పనిచేశారు. 2010లో స్టేట్ దిగువ సభకి గెలిచారు, 2018లో కాంగ్రెస్ ప్రైమరీలో ఓడారు, 2023 జనవరిలో లెఫ్టినెంట్ గవర్నర్ అయ్యారు. పద్మా కుప్ప గారు వరంగల్ ఆర్.ఇ.సి.లో మెకానికల్ చదివారు. మిషిగన్‌లోని ట్రాయ్ నగర ప్లానింగ్ కమిషన్‌లో పనిచేసి, 2018లో స్టేట్ హౌస్‌కి గెలిచారు. 2022లో స్టేట్ సెనేట్‌కి నిలబడి ఓడిపోయారు.

ముగ్గురూ ఇంజనీర్లే! కానీ నాకు ఆసక్తిగా అనిపించింది అది కాదు. ఎవరూ ఎకాఎకిన పైకి వెళ్ళలేదు. టౌన్‌షిప్ కౌన్సిల్, ప్లానింగ్ కమిషన్, కౌంటీ ఉద్యోగం, ఇలా మనలో చాలామంది అటు తొంగి కూడా చూడని చోట్ల ఏళ్ళ తరబడి కూర్చున్నారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా. గుడికి పార్కింగ్ స్థలం చాలదని అనుమతి ఆగిపోతే అప్పుడు పరుగెత్తేది ఆ జోనింగ్ బోర్డు దగ్గరికే. ఆ బోర్డులో మనవాళ్ళెంతమంది ఉన్నారో ఒకసారి చూడండి.

ఇక అసలు పోటీ. చాలా జిల్లాల్లో ఏదో ఒక పార్టీకి గట్టి పట్టు ఉంటుంది కాబట్టి, నవంబర్ కంటే జూన్ ప్రైమరీలోనే సంగతి తేలిపోతుంది. న్యూజెర్సీలో దానికి ఇంకో చిక్కు ఉండేది. కౌంటీ పార్టీ పెద్దలు బలపరిచిన వాళ్ళందరినీ బ్యాలెట్‌లో ఒకే వరసలో పేర్చేవారు. మిగతావాళ్ళు ఎక్కడో మూలన ఉండేవారు. ఆండీ కిమ్ వేసిన దావాలో 2024 మార్చిలో ఫెడరల్ జడ్జి ఆ వరసని ఆపారు, 2025లో చట్టం కూడా మారింది. ఇప్పుడు ఏ పదవికి పోటీ చేసేవారి పేర్లు ఆ పదవి కిందే ఉంటాయి. పార్టీ పెద్దల ఇంటికి తిరగలేని కొత్తవాళ్ళకి ఇది పెద్ద ఊరట. మా అభ్యర్థి ధైర్యం చేసింది కూడా అందుకే.

పైగా ఓటేసేవాళ్ళు తక్కువ. అధ్యక్ష ఎన్నికలు లేని బేసి సంవత్సరాల్లో న్యూజెర్సీ శాసనసభ ఎన్నికలు జరుగుతాయి. 2023 నవంబర్‌లో నమోదైన ఓటర్లలో ఓటేసింది సుమారు 27 శాతం, 2015లో అయితే 22 శాతమే. ప్రైమరీలో ఇంకా తక్కువ. నాలుగు వీధులు కలిసి కదిలితే ఫలితం మారే పోటీలివి.

అందుకే అభ్యర్థులు ఇల్లిల్లూ తిరుగుతారు. మర్నాటి శనివారం నేనూ వెళ్ళాను. ఫోన్‌లో ఒక యాప్, అందులో ఓటర్ల చిరునామాలు, ఏయే ఎన్నికల్లో ఓటేశారో వివరం (ఎవరికి వేశారో ఉండదు లెండి). ఆ డేటా చూస్తే మన క్లయింట్ల డేటాబేసులే నయం అనిపించింది, ఇల్లు మారిపోయినవాళ్ళు ఇంకా అందులోనే ఉన్నారు. సగం తలుపులు తెరుచుకోలేదు. ఒక తెలుగువారింట్లో మాత్రం వాళ్ళమ్మగారు తలుపు తీసి, "అబ్బాయి కాస్ట్‌కోకి వెళ్ళాడు నాయనా, మజ్జిగ తాగుతావా?" అని లోపలికి పిలిచారు. విషయమంతా విని, "ఇక్కడ కూడా ఓటుకి డబ్బులు పంచుతారా?" అని అడిగారు. పంచరండీ, మనల్నే అడుగుతారు అన్నాను.

ఆ డబ్బు విషయంలోనే చాలా జాగ్రత్త అవసరం, కాస్త శ్రద్ధగా చదవండి. అమెరికా పౌరులూ, గ్రీన్ కార్డు ఉన్నవారూ చందా ఇవ్వవచ్చు. హెచ్-1బి, ఎల్-1, ఎఫ్-1 వీసాల మీద ఉన్నవారు ఇవ్వకూడదు. ఫెడరల్ ఎన్నికలకే కాదు, స్టేట్, టౌన్‌షిప్ ఎన్నికలకీ ఇదే రూలు. "నా చందా నీ పేరు మీద రాయి, నీకు క్యాష్ ఇచ్చేస్తా" అని ఎవరైనా అంటే అది సాయం కాదు, నేరం. మనవాళ్ళలో ఇది చాలా మామూలుగా అనేస్తారు, అందుకే చెప్తున్నాను. వీసా మీద ఉన్నవారు జీతం లేకుండా వాలంటీరుగా పనిచేయవచ్చు. నేను తలుపులు తట్టింది అలాగే, నాకింకా ఓటు లేదు. అయితే ప్రచారం ఖర్చులు, చందాల నిర్ణయాల్లో తలదూర్చకూడదు. ఇంట్లో విందు పెట్టి ఖర్చు భరించటం వంటివి పౌరులకీ గ్రీన్ కార్డు వారికీ వదిలెయ్యటం క్షేమం.

ఓటరు నమోదు ఇంకా ప్రమాదం. న్యూజెర్సీలో 2018 నుంచి డ్రైవింగ్ లైసెన్సు ఆఫీసులో ఓటరు నమోదు కూడా దానంతటదే జరుగుతుంది. పౌరసత్వం లేనివారు తొందరలో తప్పు గడిలో టిక్కు పెడితే, రేపు సిటిజన్‌షిప్ దరఖాస్తులో అది మెడకి చుట్టుకుంటుంది. ప్రతి గడీ చదివి సంతకం పెట్టండి.

మన సంఘాల మాట కూడా చెప్పాలి. తెలుగు సంఘాలు చాలావరకు 501(సి)(3) కింద నమోదైనవే. అలాంటి సంస్థ ఏ అభ్యర్థినీ బలపరచకూడదు, చందా ఇవ్వకూడదు. ఉగాది వేదిక మీద ఒకరికే శాలువా కప్పి "మనవాడిని గెలిపించండి" అని మైకులో చెప్తే సంఘం పన్ను మినహాయింపుకే ముప్పు. పోటీలో ఉన్న అందరినీ సమానంగా పిలిచి చర్చ పెట్టవచ్చు, ఏ పార్టీ పేరూ ఎత్తకుండా పౌరులకి ఓటరు నమోదు శిబిరం నడపవచ్చు. వ్యక్తులుగా మన ఇష్టం, అది వేరే సంగతి. న్యూజెర్సీలో 2027లో రెండు సభలకీ, మొత్తం 120 స్థానాలకీ ఎన్నికలున్నాయి. నమోదుకి గడువు ఎన్నికకి 21 రోజుల ముందు వరకే.

ఇంతకీ మా అభ్యర్థి జూన్ ప్రైమరీలో ఓడిపోయారు. ఆ రాత్రి ఆయనింట్లో మిగిలింది ఏడుగురం. పరిచయ కార్యక్రమంలో ఆయన పక్కన నిలబడి ఫోటోలు దిగినవాళ్ళు ఒక్కరూ కనపడలేదు. ఆ తర్వాత కొన్ని నెలలకి ఆయన మా టౌన్‌షిప్ ప్లానింగ్ బోర్డులో చేరారు. ఆయన మొదటి మీటింగ్‌కి అన్నయ్యగారూ నేనూ వెళ్ళాం. ఒక స్ట్రిప్ మాల్ డ్రైనేజీ మీద రెండు గంటలు చర్చ జరిగింది. వినటానికి వచ్చింది మొత్తం నలుగురం. ఆయన మాత్రం ప్లాను కాగితాలు ముందు వేసుకుని, మురుగు కాలువ వాలు ఎంతో అడుగుతూనే ఉన్నారు.