బతికారు సరే, ఆ తర్వాత?

తలకు తగిలిన దెబ్బ నుంచి శస్త్రచికిత్స ప్రాణం కాపాడుతోంది. ఇంటికెళ్లాక ఆ మనిషి ఎలా ఉన్నాడన్నది మాత్రం లెక్కల్లోకి రావడం అరుదు

పుదుచ్చేరి శివారు గోరిమేడులోని జిప్‌మర్ ఆసుపత్రికి తల పగిలిన మనిషి ఏ విల్లుపురం నుంచో, కడలూరు నుంచో వస్తాడు. చాలాసార్లు బైక్ మీద నుంచి పడినవాడే. స్కాన్ తీస్తారు. మెదడు వాచినా, గడ్డకట్టిన రక్తం దాన్ని నొక్కుతున్నా బయట నిలబడ్డ బంధువు చేతికి అంగీకార పత్రం వస్తుంది. సంతకం పెట్టేముందు అతను అడిగే ప్రశ్న ఒక్కటే: బతుకుతాడా?

న్యూరోసర్జన్ల దగ్గర ఆ ప్రశ్నకు ఇప్పుడు మునుపటికంటే మెరుగైన జవాబే ఉంది. చిక్కంతా అతను అడగని రెండో ప్రశ్నతోనే. ఎలా బతుకుతాడు?

వాచిన మెదడుకు పుర్రెలో చోటు చాలదు. ఒత్తిడి పెరిగి రక్తప్రసరణ కుంటుపడుతుంది. మందులకు లొంగకపోతే పుర్రెలోంచి అరచేయంత, ఒక్కోసారి అంతకంటే పెద్ద ఎముక ముక్కను తీసేస్తారు. దీన్నే డీకంప్రెసివ్ క్రేనియెక్టమీ అంటారు. ఎముకను భద్రపరిచే ఫ్రీజర్ లేనిచోట దాన్ని రోగి పొట్ట చర్మం కిందే దాచి, వారాలు లేదా నెలల తర్వాత తిరిగి అమరుస్తారు. మన ఆసుపత్రుల్లో ఇది మామూలు విషయమే. మొదటిసారి విన్న కుటుంబానికి మాత్రం గుండె గుభేలుమంటుంది.

ఈ ఆపరేషన్ వల్ల ఒరిగేదేమిటి? 408 మంది రోగులతో వివిధ దేశాల్లో సాగిన 'రెస్క్యూ ఐసీపీ' అధ్యయనం 2016లో జవాబు చెప్పింది. ఆరు నెలలు తిరిగేసరికి మందులతో చికిత్స పొందిన వర్గంలో 48.9 శాతం మంది మరణించగా, ఆపరేషన్ వర్గంలో ఆ సంఖ్య 26.9 శాతమే. వందకు 22 ప్రాణాలు అదనంగా దక్కాయన్నమాట. అయితే ఆ దక్కినవారు ఎక్కడున్నారో చూస్తే ఉత్సాహం కాస్త తగ్గుతుంది. కళ్లు తెరిచినా చుట్టూ ఏం జరుగుతోందో తెలియని 'వెజిటేటివ్' స్థితిలో మిగిలినవారు ఆపరేషన్ వర్గంలో 8.5 శాతం, మందుల వర్గంలో 2.1 శాతం. ప్రతి పనికీ మరొకరి మీద ఆధారపడేవారు 21.9, 14.4 శాతం. బాగా కోలుకున్నవారు, ఓ మోస్తరు వైకల్యంతో బయటపడ్డవారు కలిసి రెండువైపులా దాదాపు సమానమే.

ఈ అధ్యయనంలోనే మరో అంకె ఉంది. ఏడాది గడిచాక కనీసం ఇంటిపట్టున తమ పనులు తాము చేసుకోగలిగినవారు ఆపరేషన్ వర్గంలో 45.4 శాతం ఉంటే, మందుల వర్గంలో 32.4 శాతమే. అంటే ఆరు నెలల దగ్గరే కథ ముగియడం లేదు. డిశ్చార్జి తర్వాత గడిచే కాలానికి ఇంత విలువుంది. మన వ్యవస్థ చేయి వదిలేసేదీ సరిగ్గా ఆ కాలంలోనే.

కోలుకోవడాన్ని కొలవడానికి డాక్టర్లు వాడే గ్లాస్గో ఔట్‌కమ్ స్కేల్‌ను 1975లో బ్రయాన్ జెనెట్, మైకేల్ బాండ్ రూపొందించారు. మరణానికీ 'మంచి కోలుకోలు'కూ మధ్య మూడు మెట్లు. ఆ పై మెట్టెక్కినవాడు ఉద్యోగానికీ వెళ్లొచ్చు. అయినా అతనికి చీటికిమాటికి కోపం ముంచుకొస్తుందని, పొద్దున చెప్పింది సాయంత్రానికి గుర్తుండదని తెలిసేది భార్యకే. ముఖ్యంగా మెదడు ముందు భాగం దెబ్బతింటే కాళ్లూ చేతులూ బాగానే ఉంటాయి, మనిషే మారిపోతాడు. ఈ లోటు గుర్తించే 2010లో 37 ప్రశ్నల 'క్వాలిబ్రి' వచ్చింది. ఆలోచన, ఉద్వేగాలు, రోజువారీ జీవితం, సంబంధాలు ఎలా ఉన్నాయని ఇది రోగినే అడుగుతుంది. కిక్కిరిసిన ఓపీలో అన్ని ప్రశ్నలు అడిగే తీరిక ఏ డాక్టరుకుంటుందన్నది వేరే సంగతి.

ప్రభుత్వాల చూపు కూడా మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతోంది. రోడ్డు ప్రమాద బాధితుల కోసం కేంద్రం 2025 మేలో నోటిఫై చేసిన నగదురహిత చికిత్స పథకం రూ.1.5 లక్షల దాకా భరిస్తుంది, అదీ ఏడు రోజుల వరకే. మెదడుకు తీవ్ర గాయమైనవారిలో చాలామంది ఏడో రోజుకు ఐసీయూ కూడా దాటరు. వికలాంగుల హక్కుల చట్టం 2016లో 21 రకాల వైకల్యాలను జాబితాకెక్కించింది. దీర్ఘకాలిక నాడీ సమస్యల కింద మల్టిపుల్ స్క్లిరోసిస్, పార్కిన్‌సన్స్ ఉన్నాయి కానీ మెదడు గాయానికి విడిగా గడి లేదు. చెయ్యీ కాలూ పడిపోతే సర్టిఫికెట్‌కు దారుంది. జ్ఞాపకశక్తి, నిగ్రహం పోయినవాణ్ని ఏ గడిలో పెట్టాలన్నది అంత తేలిగ్గా తేలదు.

ఈ భారమంతా మోసేది ఇల్లే. గొట్టం ద్వారా ఆహారం పోయడం, పుండ్లు పడకుండా రెండేసి గంటలకోసారి పక్కకు తిప్పడం, ఫిట్స్ మాత్రలు తప్పకుండా వేయడం. వార్డులో నేల మీద పడుకుని ఈ పనులు నేర్చుకున్న తల్లో భార్యో ఇంటికెళ్లాక నర్సు, ఫిజియోథెరపిస్టు కూడా తానే అవుతుంది. కూలి పనులు ఒకరికి కాదు, ఇద్దరికి ఆగిపోతాయి.

ఇలాంటి పుదుచ్చేరిలో హెల్మెట్ రాజకీయ వస్తువైంది. 2019 ఫిబ్రవరిలో అప్పటి లెఫ్టినెంట్ గవర్నర్ కిరణ్ బేడీ హెల్మెట్ నిబంధనను కచ్చితం చేస్తే కొందరు ఎమ్మెల్యేలు నడివీధిలో హెల్మెట్లు పగలగొట్టారు. నాటి ముఖ్యమంత్రి వి. నారాయణస్వామి రాజ్‌నివాస్ ముందు ధర్నాకు దిగారు. ఆయన ఫిర్యాదుల్లో ఇదీ ఒకటి. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశవ్యాప్తంగా హెల్మెట్ లేక ప్రాణాలు కోల్పోయినవారు 50,029 మంది. హెల్మెట్ లేక మంచాన పడ్డవారి సంఖ్య ఆ నివేదికలో వెతికినా దొరకదు.

పునరావాసానికి దారులు లేకపోలేదు. ప్రమాదంలో నడుము కింద చచ్చుబడిపోయి, చక్రాల కుర్చీలోంచే వైద్యం చేసిన డాక్టర్ మేరీ వర్గీస్ చొరవతో వెల్లూరు సీఎంసీలో 1966లోనే పునరావాస కేంద్రం మొదలైంది. బెంగుళూరు నిమ్‌హాన్స్‌లో ఇందుకు ప్రత్యేక విభాగముంది. కానీ కడలూరు రైతుకూలీకి వెల్లూరులో నెలల తరబడి మకాం పెట్టడమెలా సాధ్యం?

ఆ దూరం ఇంకా కొట్టొచ్చినట్టు కనిపించేది యానాంలో. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోని ఈ తెలుగు పట్టణానికీ జిప్‌మర్‌కూ మధ్య ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం. దగ్గర్లోని పెద్దాసుపత్రి ఉన్నది పొరుగు రాష్ట్రంలోని కాకినాడలో. 2024 ఫిబ్రవరిలో యానాంలో 90 పడకల జిప్‌మర్ మల్టీ స్పెషాలిటీ విభాగాన్ని ప్రారంభించారు. మెదడు ఆపరేషన్లు అక్కడే జరగాలని ఎవరూ ఆశించరు. ఆపరేషన్ అయి వచ్చినవారికి వారానికో రోజు ఫిజియోథెరపీ, మాటల శిక్షణ, మందుల సర్దుబాటు, తెలుగులో మాట్లాడే కౌన్సెలర్ దొరికితే ఆ పడకలకు మరో ప్రయోజనం కలిగినట్టే. అందుకు ఖరీదైన యంత్రాలేవీ అక్కర్లేదు.