చక్రముల ఇంటికి నీరెక్కడిది?

మోటారు బండినే ఇల్లుగా మార్చుకొని ఏడాది పొడుగునా అందులోనే కాపురముండువారు అమెరికాలో అనేకులు గలరు. మన దేశమునకిది క్రొత్త గాదు. గాడియా లోహారులను కమ్మరులు తరతరములుగా ఎడ్లబండ్లనే ఇండ్లుగా చేసికొని ఊరూర పనిముట్లు చేసి యిచ్చుచు బ్రతికిరి.

అట్టి మోటారు ఇల్లొకటి యాదగిరిగుట్ట క్రింద నిలిచినదనుకొందము. దీపములకు సౌరఫలకములు చాలును, చిక్కంతయు నీటితోనే. దినమునకు 40 లీటర్లే వాడినను 200 లీటర్ల తొట్టి 5 దినములకు ఖాళీ యగును. పిమ్మట ఏ గొట్టపు బావియో దిక్కు.

పూర్వపు నల్లగొండ జిల్లాలోని గ్రానైటు రాళ్ళలో ఫ్లోరిన్ గల ఖనిజములున్నవి. రాతి పగుళ్ళలో చిరకాలము నిలిచిన నీరు వానినుండి ఫ్లోరైడును కరగించుకొనును. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగినచో పండ్లపై మరకలు పడును. మోతాదు మరీ హెచ్చైనచో కీళ్ళు బిగిసి, ఎముకలు వంగును. రంగు, వాసన లేనందున పరీక్షింపనిదే తెలియదు. ఒక బావిలో హెచ్చు, ప్రక్క బావిలో తక్కువ ఉండవచ్చును. కాచినచో పోవునా? పోదు, నీరు ఆవిరియై తగ్గును, ఫ్లోరైడు మిగిలి మరింత చిక్కనగును.

1970 దశకమున నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ రూపొందించిన ఉపాయమునకు ‘నల్లగొండ పద్ధతి’ యని పేరు. నీటిలో సున్నము, పటిక, బ్లీచింగు పొడి కలిపి త్రిప్పుదురు. పటికనుండి పుట్టిన అల్యూమినియం హైడ్రాక్సైడు తునకలు ఫ్లోరైడును పట్టుకొని అడుగునకు దిగును. పైతేట త్రాగుటకు పనికివచ్చును. అయితే మడ్డి దిగుటకు నీరు కదలక నిలువవలెను! పరుగెత్తు బండిలో ఆ తేట మరల కలగిపోవును. కావున రాత్రి బండి నిలిపినపుడే ఈ పని చేసి, తెల్లవారగనే తేటను వేరొక పాత్రలోనికి వంచుకొనవలెను. మిషన్ భగీరథ కొళాయిలో నదీజలము దొరకినచో ఈ శ్రమ లేదు.