చిట్టెలుక చొరవకు మూలమేది?
అపోహలు – వాస్తవాలు

అపోహ: కొత్త చోటును వెదికి చూసే గుణాన్ని ఒకే ఒక జన్యువు నిర్ణయిస్తుంది.

వాస్తవం: ఈ గుణం వంశపారంపర్యంగా వచ్చే మాట నిజమే గాని, దానిని ఒక్క జన్యువుకే ఆపాదించడం పొరపాటు. దీనిని కొలవడానికి ‘ఓపెన్ ఫీల్డ్’ పరీక్షలో చిట్టెలుకను వెలుతురు నిండిన ఖాళీ పెట్టెలో వదిలి, అది ఎంత మేర తిరిగిందో, గోడ వారనే నక్కిందో, నడుమకు వచ్చిందో గమనిస్తారు. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో జాన్ డిఫ్రీస్ బృందం బాగా తిరిగే వాటిని ఒకవైపు, కదలని వాటిని మరొకవైపు వేరుచేసి 30 తరాలపాటు విడివిడిగా పెంచగా, ఆ రెండు వంశాల సంచారంలో తేడా సుమారు 30 రెట్లకు చేరినట్టు 1978లో వెల్లడైంది. ఆ వంశాలనే సంకరపరచి జోనాథన్ ఫ్లింట్ బృందం 1995లో క్రోమోజోములపై గుర్తించినవి ఆరు స్థానాలు; వాటిలో ఒక్కొక్కటి ఒక జన్యువు కాదు, ఎన్నో జన్యువులుండే ప్రాంతం.

అపోహ: తక్కువ తిరిగే చిట్టెలుక పుట్టుకతోనే పిరికిది.

వాస్తవం: కొలిచినది సంచారమే గాని భయం కాదన్న సంగతిని ఈ రంగంలో ఎన్నడూ మరువరాదు. టైరోసినేజ్ అనే ఎంజైమును తయారుచేసే జన్యువు చెడి, వర్ణకం లేక తెల్లగా పుట్టే చిట్టెలుకలు కాంతివంతమైన పెట్టెలో తక్కువగా తిరుగుతాయి; ఎర్రటి కాంతిలో పరీక్షిస్తే రంగుగల వాటితో వాటికున్న ఆ తేడా బాగా తగ్గుతుందని 1966లోనే తేలింది. పిరికితనంగా కనిపించినదానిలో కొంత భాగం కంటికి వెలుతురు కలిగించిన ఇబ్బందే.

అపోహ: జన్యువులు ఒకటైతే ప్రవర్తన కూడా ఒకటే.

వాస్తవం: చొరవగల నల్ల జాతి పిండాలను బెరుకైన తెల్ల జాతి తల్లి గర్భంలో పెంచి, పుట్టాక కూడా ఆ జాతి తల్లి పాలే తాగనిచ్చినప్పుడు, అవి పెద్దయ్యాక పెంచిన జాతినే పోలి మెలిగాయని 2003లో వెలువడిన పరిశోధన తెలిపింది. తల్లిని మార్చకపోయినా తేడాలు తప్పవు. జర్మనీలో గెర్డ్ కెంపెర్మన్ బృందం జన్యుపరంగా ఒకేలా ఉన్న 40 ఆడ చిట్టెలుకలను అంతస్తులున్న విశాలమైన ఒకే ఆవరణలో సుమారు మూడు నెలలు ఉంచి, రేడియో గుర్తుల సాయంతో వాటి కదలికలను నమోదు చేయగా, కాలం గడిచేకొద్దీ ఒక్కొక్కటీ తనదైన తీరులో తిరగడం మొదలుపెట్టింది. ఆవరణలో ఎక్కువ చోట్లకు వెళ్ళిన వాటి మెదడులోని హిప్పోకాంపస్ అనే జ్ఞాపక కేంద్రంలో కొత్త నాడీకణాలు కూడా ఎక్కువగా పుట్టినట్టు 2013లో ప్రచురితమైన ఆ ఫలితాలు చూపాయి.